మా బజారు అయిదు, అవతలి బజారు ఒకటి

నా పీహెచ్‌డీ దేని మీద అని అడిగిన వాళ్ళకి ఆరేళ్ళలో ఆరు రకాలుగా చెప్పాను. మొదటి ఏడాది పూర్తి పేరు చెప్పేదాన్ని: "వ్యక్తిగత అభిరుచికి తగిన ఇంటర్నెట్ టెలివిజన్ కోసం సెమాంటిక్ వెబ్ సాంకేతికతలు." సగం చెప్పేసరికే ఎదుటి మనిషి వాచీ చూసుకునేవాడు. రెండో ఏడాది "ఇంటర్నెట్ టీవీ మీద" అన్నాను. మూడో ఏడాదికి అది "టీవీ మీద" అయింది. ఆఖరికి మా కాలేజీ బస్సు డ్రైవరు "ఏం మేడమ్, ఆ టీవీ మెకానిక్ కోర్సు ఇంకా అవలా?" అని అడిగే దాకా వచ్చింది. అవలేదన్నాను. అది నిజమే కాబట్టి కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

నేను నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పరిశోధన పార్ట్ టైమ్. పార్ట్ టైమ్ అంటే చేసిన వాళ్ళకి తెలుసు: ఉన్న సమయం ఉద్యోగానికి, మిగిలిన సమయం ఇంటికి, అసలు లేని సమయం పరిశోధనకి. విశ్వవిద్యాలయం నా గడువు రెండుసార్లు పొడిగించింది. మూడోసారి అడిగితే అక్కడి గుమాస్తా నవ్వాడు, నేను ఆ నవ్వుకి అర్థం అడక్కుండా బయటికి వచ్చేశాను. ఇక్కడ కాలేజీలో చూస్తే, వచ్చే ఏడాది నుంచి డాక్టరేట్ లేని వాళ్ళని క్లాసులోకి పంపేది లేదని, ల్యాబ్‌లో కూర్చోబెడతామని సర్క్యులర్ వచ్చింది. అంటే నా దగ్గర చదువుకుని నిన్నగాక మొన్న డాక్టరేట్ తెచ్చుకున్న పిల్ల పాఠం చెబుతుంటే, పన్నెండేళ్ళు పాఠం చెప్పిన నేను పక్క గదిలో రికార్డులు దిద్దుతూ కూర్చోవాలి. ల్యాబ్ అంటే నాకు గౌరవమే, కానీ మరీ అంత లేదు.

సెమాంటిక్ వెబ్ అంటే ఏమిటో నాకు మా గైడు చెబితే అర్థం కాలేదు, మాచర్ల బస్సులో అర్థమైంది. పక్క సీట్లో కూర్చున్న ఆవిడ "యావూరమ్మా?" అంది. చెప్పాను. "ఎవరి తాలూకు?" అంది. చెప్పాను. "కారంపూడి దగ్గర పత్తి కమిషన్ చేసే ఆయన మీకేమవుతాడు?" అంది. దూరపు బాబాయి అవుతాడన్నాను. "అయితే నువ్వు నాకు కోడలి వరస" అని తేల్చేసి, ఆ హక్కుతో కిటికీ సీటు తీసుకుంది. మూడు ప్రశ్నలు, ఒక తీర్పు. కంప్యూటర్‌కి ఈ తెలివి లేదు. దానికి సీరియల్ పేరు తెలుసు, అందులో నటి పేరు తెలుసు, ఆ రెంటికీ సంబంధం ఏమిటో తెలియదు. మనం కూర్చుని "ఈ సీరియల్, దీని రకం, కుటుంబ కథ", "ఈ నటి, ఇందులో పాత్ర, అత్త" అని మూడేసి ముక్కల వాక్యాలు వేలకు వేలు రాసి పెట్టాలి. క్లుప్తంగా నా పరిశోధన అంతా కంప్యూటర్‌కి వావివరసలు నేర్పడం. నేర్చుకున్నాక అది ఒక్కొక్కరికీ వాళ్ళకి నచ్చే కార్యక్రమమే తెర మీద ముందు పెట్టాలి.

నేర్పేశాను. సిద్ధాంతం బాగానే కుదిరింది. అప్పుడు మా గైడుగారు, "అమ్మా, స్టూడెంట్స్ చేత ఫారాలు నింపిస్తే జర్నల్ వాళ్ళు ఒప్పుకోరు. రియల్ వ్యూయర్స్ కావాలి. ఇళ్ళల్లో కావాలి" అన్నారు. మనిషి మంచివారు. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు, దేనికీ గొంతు పెంచరు. ఇళ్ళంటే నాకు తోచింది మా మేనత్త ఊరు.

ఆ ఊరు కారంపూడి దాటాక వస్తుంది. రెండు బజార్లు. ఒకటి అత్త వాళ్ళది. రెండోదాన్ని అవతలి బజారంటారు. అవతలి బజారు వాళ్ళూ దీన్ని అవతలి బజారనే అంటారు. మా మావయ్య ఒకప్పుడు సర్పంచి. ఆ ఒకప్పుడు ఎప్పుడో అయిపోయినా, ఊళ్ళో ఎవరింట్లో ఏ పని జరిగినా తను లేకుండా జరగకూడదనుకునే మనిషి. నాకు ఇరవై ఇళ్ళు కావాలి మావయ్యా అనగానే "నువ్వు ఊరుకో అమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు. పరిశోధనకి ఒకే వైపు వాళ్ళయితే పనికిరారని, అవతలి బజారులో పది ఇళ్ళు కావాలని చెప్పాను. ఆయన మొహం కాస్త మారింది. "వాళ్ళెందుకు?" అన్నాడు. సైన్సు అన్నాను. సైన్సంటే ఆయన ఎదురు చెప్పడు.

అవతలి బజారుకి నేనే వెళ్ళాను. ముందు వెళ్ళింది ఒక పెద్దమ్మ ఇంటికి. వరసకి కాదు, ఊరి పిలుపుకి పెద్దమ్మ. ఆవిడా మా అత్తా ఒకే ఏడాది ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. మిరపకాయ కోతలకి కలిసి వెళ్ళారు, ఆదివారం సినిమాకి ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు పక్కపక్కన చోటు పట్టుకున్నారు, అత్తగార్లని కలిసి తిట్టుకున్నారు. తర్వాత ఒక పంచాయతీ ఎన్నికల్లో మా మావయ్య మీద పెద్దమ్మ భర్త నిలబడ్డాడు. ఆ నెల రోజుల్లో ఇద్దరాడవాళ్ళూ చౌక డిపో ముందు ఒకరినొకరు తిట్టుకున్న తిట్లు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉదహరిస్తారు. ఎన్నికలు అయిపోయాయి. మగవాళ్ళిద్దరూ ఏడాది తిరక్కుండా కారంపూడి టీకొట్టులో ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఓటు అన్న మాట వినపడినప్పుడు తప్ప పోట్లాడుకోరు. ఆడవాళ్ళిద్దరికీ మాత్రం ఎవరూ రాజీ చేయలేదు. పదిహేనేళ్ళుగా ఒకరి ఊసు ఒకరు ఎత్తరు.

పెద్దమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, నేను ఇచ్చిన ఒప్పంద పత్రం కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. ఇరవై ఇళ్ళలో దాన్ని చదివి సంతకం పెట్టింది ఆవిడ ఒక్కతే.

"నేనేం చూసేదీ ఎవరికీ జెప్పవుగా?"

"చెప్పకూడదు పెద్దమ్మా. అందులో రాసే ఉంది."

"మీ అత్తకి?"

"అత్తకి అసలే చెప్పను."

"అట్టా అయితే యాడ పెట్టాలి సంతకం?" అంది.

ప్రతి ఇంట్లో టీవీకి ఒక చిన్న పెట్టె బిగించాను. కార్యక్రమాలు ఇంటర్నెట్ మీద దాన్లోంచే వస్తాయి, రిమోట్‌తో ముందుకీ వెనక్కీ తిప్పుకోవచ్చు. కార్యక్రమం అవగానే తెర మీద అయిదు చుక్కలు వస్తాయి. రిమోట్ మీద ఒకటి నొక్కితే నచ్చలేదని, అయిదు నొక్కితే చాలా నచ్చిందని. ఆరు వారాలు నడిచింది.

లెక్కలు వచ్చాక ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను. అంత శుభ్రమైన ఫలితం నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. ఎవరికి ఏది నచ్చుతుందో నా పద్ధతి దాదాపు ఒక్క తప్పు లేకుండా ముందే చెప్పేస్తోంది. పైగా ప్రేక్షకులు రెండు స్పష్టమైన గుంపులుగా విడిపోయారు. ఒక గుంపుకి అన్నీ నచ్చుతాయి. వాళ్ళకి "ఉల్లాస ప్రేక్షకులు" అని పేరు పెట్టాను. రెండో గుంపుకి ఏదీ నచ్చదు. వాళ్ళు "విమర్శనాత్మక ప్రేక్షకులు". పద్దెనిమిది ఇళ్ళు ఇలా సర్దుకున్నాక రెండిళ్ళు మాత్రం తేడాగా వచ్చాయి. మొదటి మూడు వారాలు అన్నిటికీ ఒకటి నొక్కి, నాలుగో వారం నుంచి అన్నిటికీ అయిదు నొక్కాయి. మా పద్ధతి వల్ల ఆ ప్రేక్షకుల అభిరుచి క్రమంగా వికసించిందని వాళ్ళ మీద రెండు పేజీలు రాశాను. ఆ రెండు పేజీలు ఇప్పుడు తల్చుకుంటే చెవులు కాలతాయి.

గైడుగారు చూసి మురిసిపోయారు. "ఎక్సలెంట్ అమ్మా. ఇంకేం చూడొద్దు. సబ్మిట్ చేసెయ్యి" అన్నారు. చేసేసి ఉండాల్సింది. పెట్టెలు వెనక్కి తెచ్చుకుందామని ఊరికి వెళ్ళాను.

అత్త బజారులో మొదటి ఇల్లు ఒక పిన్నిది. ఆవిడ టీవీ నుంచి పెట్టె విప్పుతూ, మాట కోసం, "రొయ్యల చెరువుల కార్యక్రమానికి కూడా అయిదు నొక్కావేంటి పిన్నీ, మీకు రొయ్యలున్నాయా?" అన్నాను. ఆ ఊళ్ళో మిరప, పత్తి తప్ప ఇంకోటి లేదు. రొయ్యని బతికుండగా చూసిన వాళ్ళు కూడా తక్కువ.

"రొయ్యలేందే?" అంది పిన్ని. "మీ మావయ్య ఇల్లిల్లూ తిరిగి జెప్పాడుగా. ఏదొచ్చినా అయిదు నొక్కండి, మన పిల్ల గెలవాలన్నాడు. మేం ఒక్కటి కూడా తప్పలా. మీ బాబాయి ఊరెళ్ళినప్పుడు నేనే నొక్కా."

అక్కడి నుంచి నేరుగా అవతలి బజారుకి వెళ్ళాను. అక్కడ ఒక తాత, పెట్టె నా చేతికిస్తూ కొంచెం సిగ్గుపడ్డాడు. "నువ్వు మీ మావయ్య మడిసివి గదమ్మా. మా వాళ్ళు ఒకటే నొక్కాలన్నారు. పొద్దున్నే దేవుడి పాటలకి కూడా ఒకటే నొక్కా. నొక్కి లెంపలేసుకున్నా." చర్చి పక్కింటి ఆయన ఆదివారం ప్రసంగానికి ఒకటి నొక్కాడట. ఆ తర్వాత ప్రార్థనలో ఆ సంగతి ఒప్పుకున్నాడట.

మావయ్య అరుగు మీద పేపరు చదువుతున్నాడు. అరిచాను. నేను ఆయన మీద అరవడం అదే మొదటిసారి. ఆయనకి నా కోపం అర్థమే కాలేదు.

"మరి ఓట్లేగా అయ్యి? ఎక్కువ వస్తేనే గదా నీకు డాక్టరిచ్చేది? అటు పది ఇళ్ళు, ఇటు పది ఇళ్ళు పెట్టావు. సమానంగా వస్తే ఏం జేస్తావని, తిప్పలు పడి వాళ్ళల్లో రెండిళ్ళు ఇటు లాగా."

వికసించిన అభిరుచి అదన్నమాట. నా పరిశోధన ఒక ఊళ్ళో రెండు పార్టీలున్నాయని సాంకేతికంగా నిరూపించింది. ఆ సంగతి చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఆర్టీసీ కండక్టర్ చెబుతాడు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అత్త లోపలి నుంచి వచ్చి మావయ్యని, నన్ను, డాక్టరేట్‌ని వరసగా తిట్టి, అన్నం తినమంది. తిన్నాను. గోంగూర బాగుంది. అడిగితే అయిదు నొక్కేదాన్ని.

గైడుగారికి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశారు. "అమ్మా, రిజల్ట్ వచ్చింది. మళ్ళీ తవ్వుకోవడం దేనికి? నీకు ఇంకా మూడు నెలలే ఉంది" అన్నారు. మరి నిజం సంగతేమిటని అడిగాను. "నిజాన్ని ఫ్యూచర్ వర్క్‌లో రాయమ్మా" అన్నారు. అంటే వ్యాసం చివర, ముందు ముందు చేస్తామని రాసే పేజీలో. ఆయన వెటకారంగా అనలేదు, మనస్ఫూర్తిగానే సలహా ఇచ్చారు.

మూడు రోజులు ఆ సలహా పాటిద్దామనే అనుకున్నాను. గొప్ప నిజాయితీపరురాలినేమీ కాదు. పాటించకపోవడానికి కారణం ఆ రెండు పేజీలే. "అభిరుచి క్రమంగా వికసించెను" అన్న వాక్యం కింద నా పేరుంటే, ల్యాబ్‌లో కాదు కదా, ఎక్కడా తలెత్తుకుని కూర్చోలేను. నాకు రోషం ఎక్కువ, నిజాయితీ దాని తర్వాత.

చుక్కలు నొక్కడం ఒక్కటే కాదు, జనం టీవీ ఎలా చూశారన్నది కూడా పెట్టెల్లో నమోదై ఉంది. ఎంతసేపు చూశారు, ఎక్కడ ఆపారు, ఎక్కడ వెనక్కి తిప్పారు. రొయ్యలకి అయిదు నొక్కిన పిన్ని రొయ్యల్ని అరనిమిషం కూడా చూడలేదు. దేవుడి పాటలకి ఒకటి నొక్కిన తాత రోజూ పాటలన్నీ అయ్యేదాకా కదలలేదు. వేలికి పార్టీ ఉంది కానీ కంటికి లేదు. చుక్కలన్నీ పారేసి, చూపుల మీద మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను.

అప్పుడు ఒక వింత కనపడింది. సాయంత్రం ఏడున్నర సీరియల్ ఊరంతా చూస్తారు. అందులో రెండిళ్ళు మాత్రం ఒక పద్ధతి ప్రకారం చూస్తున్నాయి. నాయిక ఏడుస్తుంటే ముందుకి తిప్పేస్తారు. పెళ్ళి సన్నివేశమైతే ముందుకి తిప్పేస్తారు. అందులో ఒక గయ్యాళి అత్తగారుంది. ఆవిడ నోరు విప్పగానే మామూలుగా చూస్తారు, ఆవిడ తిట్టడం అయిపోగానే వెనక్కి తిప్పి ఆ తిట్లు మళ్ళీ వింటారు. కొన్ని రోజులు మూడుసార్లు కూడా విన్నారు. చుక్కల ప్రకారం ఆ రెండిళ్ళూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఒకటి మా అత్తది, రెండోది పెద్దమ్మది.

నా వావివరసల్లో కుటుంబ కథ ఉంది, హాస్యం ఉంది, భక్తి ఉంది, తిట్లకి చోటు లేదు. కొత్తగా తిట్ల శాఖ ఒకటి పెట్టాను. గైడుగారు అది అంతర్జాతీయంగా బాగుండదన్నారు. సిద్ధాంత వ్యాసంలో దాని పేరు "వెర్బల్ కాన్‌ఫ్లిక్ట్" అయింది.

చుక్కలు లేకుండా పెట్టెలు ఇంకో రెండు వారాలు బిగించాను. "ఓటే లేకపోతే ఎట్టా గెలుస్తావే?" అని మావయ్య నిజంగానే దిగులుపడ్డాడు. ఈసారి తెర మీద ఒక కొత్త వరస పెట్టాను, "మీలాంటి వారు చూస్తున్నవి" అని. రెండో ఆదివారం వెళ్ళేసరికి అత్త వాకిట్లో మిరపకాయలు ఏరుతూ నా కోసమే కాచుక్కూర్చుంది.

"ఏమే, నాలాంటి వాళ్ళెవరే ఈ ఊళ్ళో?"

"చెప్పకూడదు అత్తా. సంతకాలు పెట్టించుకున్నా."

"మన బజారేనా?"

"చెప్పకూడదు."

"అంటే అవతలిదే. మన బజారుదైతే ఇంత బిగుసుకోవు." అత్త ఒక తాలు కాయ తీసి పక్కన పడేసింది. "అవతలి బజార్లో తిట్టడం తెలిసింది ఒక్కత్తే."

ఆరేళ్ళు కష్టపడి నేను రాసిన తర్కం చేసే పని ఆవిడ రెండు ప్రశ్నల్లో, మిరపకాయలు ఏరుతూ చేసేసింది. ఇంకో గుప్పెడు కాయలు ఏరాక, "అది చానా బాగా తిట్టేది" అంది అత్త. ఎవరి గురించో చెప్పలేదు. తర్వాత కాయల ఘాటుకని కళ్ళు తుడుచుకుంది. రోజూ ఏరే మనిషికి ఆ ఒక్క రోజే ఘాటెక్కింది. అయినా ఒప్పంద పత్రం ఒప్పంద పత్రమే అనుకుని పెట్టె విప్పుకుని వచ్చేశాను.

గడువుకి నాలుగు రోజుల ముందు వ్యాసం ఇచ్చేశాను. మొదటి ఫలితాలు పార్టీ ఫలితాలని అందులోనే రాశాను. గైడుగారు సంతకం పెడుతూ "నీ ఇష్టం అమ్మా" అన్నారు. ఆ మాట ఆయన నోట వింటే భయం వేసింది.

కొన్ని నెలలకి వైవా పెట్టారు. ఆ నోటీసులో "ఆసక్తి గలవారందరూ ఆహ్వానితులే" అని ఉంటుంది. అన్నిచోట్లా ఉంటుంది, ఎవరూ రారు. నా భర్త దాన్ని ఫోనులో మావయ్యకి పంపించాడు. మావయ్య ఆసక్తి గలవాళ్ళని ఒక వ్యాను నిండా ఎక్కించుకుని బయల్దేరాడు. ఆ కబురు అవతలి బజారుకి చేరింది. మా ఇళ్ళు కూడా అందులో ఉన్నాయిగా అని వాళ్ళూ ఒక వ్యాను కట్టించారు. సెమినార్ హాల్లో నడిమి దారికి ఇటు ఒక వ్యాను, అటు ఒక వ్యాను కూర్చున్నారు. ఇటు పక్కన మిఠాయి డబ్బాలు, అటు పక్కన వేరే కొట్టు మిఠాయి డబ్బాలు. గైడుగారు చెమట తుడుచుకున్నారు.

పరీక్షకుడు కృష్ణా నది అవతల నుంచి వచ్చిన పెద్దాయన. తెలుగువాడే అయినా నాతో అంతా ఇంగ్లీషులోనే. నేను రెండు గుంపుల బొమ్మ తెర మీద వేశాను. అన్నిటికీ అయిదు నొక్కిన వాళ్ళు ఎడమ పక్క, ఒకటి నొక్కిన వాళ్ళు కుడి పక్క. ఇవి అభిరుచులు కావని, బజార్లని మీకెలా తెలుసని ఆయన అడిగాడు. ఆ ఇంగ్లీషులో బజార్లన్న ఒక్క మాట పట్టుకుని, నేను నోరు తెరిచే లోపల వెనక నుంచి మావయ్య లేచాడు.

"సార్, అనుమానముంటే చేతులెత్తిస్తా. మన పిల్లకి అయిదు నొక్కినోళ్ళు ఎత్తండి."

నడిమి దారికి ఇటు పక్కన ఒక్క చెయ్యి దిగకుండా లేచింది. అటు పక్కన రెండు చేతులు సగం లేచి, పక్కవాళ్ళు చూసేసరికి దిగిపోయాయి. పరీక్షకుడు తెర వైపు చూశాడు, హాలు వైపు చూశాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మావయ్యని కూర్చోమన్నాడు.

తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "చూపుల మీద కట్టిన కొత్త పద్ధతి ఇద్దరు ప్రేక్షకులని అత్యంత దగ్గరివాళ్ళని చెబుతోంది. మీ వాదనంతా దాని మీదే నిలబడింది. ఒకే ఊళ్ళో ఒకే సీరియల్. అది కాకతాళీయం కాదని ఎలా చెప్పగలరు? మీ పెట్టెలో లెక్కలు వద్దు. పెట్టె బయట ఒక్క రుజువు చూపించండి."

నా దగ్గర లేదు. ఉన్నదల్లా ఒక వాకిలి, కొన్ని మిరపకాయలు, కళ్ళు తుడుచుకున్న అత్త. అది చెప్పకూడదు. సంతకం పెట్టించుకున్నాను. లేదని ఒప్పుకుంటే మార్పులు చేసి రమ్మంటాడు. మార్పులు చేసేసరికి కొత్త విద్యాసంవత్సరం వస్తుంది, నేను ల్యాబ్‌లో ఉంటాను. గైడుగారు బల్ల మీద వేలితో గీతలు గీస్తున్నారు. ఊరి వాళ్ళెవరికీ ఇంగ్లీషు అర్థం కాకపోయినా, నా మొహం అందరికీ అర్థమైంది. మావయ్య కూడా కదల్లేదు.

ఆ నిశ్శబ్దంలో అత్త లేచింది. నాకు సాయం చేద్దామని కాదు. తర్వాత అడిగితే, అయిపోయిందేమో అనుకున్నానంది. చీర సర్దుకుని, నడిమి దారి దాటి, అటు పక్క మూడో వరసలో పెద్దమ్మ ముందుకి వెళ్ళి నిలబడింది.

"నిన్న ఆవిడ ఏమని తిట్టింది?" అంది అత్త. "మాకు కరెంటు పోయింది."

పదిహేనేళ్ళ తర్వాత మొదటి మాట అది. పెద్దమ్మ కళ్ళజోడు తీసి, పైట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. పక్క కుర్చీలో ఉన్న మిఠాయి డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని చోటు చేసింది.

"కోడలి చెల్లెల్ని తిట్టింది," అంది. "కూర్చో. మొదట్నించీ జెప్తా."

చెప్పింది. గొంతు మార్చి, చెయ్యి తిప్పి, ఆ తిట్టు తిట్టినట్టే తిట్టింది. అత్త మళ్ళీ ఒకసారి చెప్పమంది. పెద్దమ్మ మళ్ళీ చెప్పింది. పరీక్షకుడు కుర్చీ ఆ వైపు తిప్పుకుని రెండుసార్లూ విన్నాడు. నా కళ్ళ నిండా నీళ్ళు. తెర మీద బొమ్మ మసగ్గా కనిపిస్తోంది, దాన్ని ఆపాలని కూడా నాకు తోచలేదు.

ఆయన ఇటు తిరిగి, ఈసారి తెలుగులో, "ఎవరమ్మా వీళ్ళిద్దరు?" అన్నాడు.

"చెప్పకూడదు సార్. సంతకాలు పెట్టించుకున్నాను."

ఆయన నా వ్యాసం చివరి పేజీలు తిప్పి ఒప్పంద పత్రం నమూనా తీశాడు. పై నుంచి కింద దాకా చదివాడు. చదివి, పెన్ను మూత తీసి, ఇంకా ప్రశ్నలేమీ లేవని గైడుగారికి చెప్పాడు.

గైడుగారు ఫలితం చదివాక మిఠాయిలు పంచారు. ఇటు డబ్బాలు ఇటు, అటు డబ్బాలు అటు. పరీక్షకుడికి మాత్రం రెండు వైపులా తినక తప్పలేదు. బయట ఎండలో మావయ్య మా వ్యాను దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతూ, "మొత్తానికి మన బలంతోనే గెలిచింది" అని డ్రైవరుకి చెబుతున్నాడు. లెక్క ఒకటి తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ తగ్గింది.

"మీ అత్తేదే?" అన్నాడు నా వైపు తిరిగి.

అవతలి బజారు వ్యాను అప్పటికే గేటు దాటుతోంది. కిటికీ పక్కన అత్త కూర్చుని ఉంది. మా వైపు చూడలేదు. పెద్దమ్మ చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతోంది.

"తిట్లు ఇంకా అవలేదంట మావయ్యా" అన్నాను.